ఇంగువ, బొంబాయి రవ్వ, ఉమ్మడి గరిటె: సీలియాక్ పిల్లల తరఫున బడి వంటశాలలకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోని బడుల ప్రధానోపాధ్యాయులకు, మధ్యాహ్న భోజనం వండే అమ్మలకు, అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు, గురుకులాల, హాస్టళ్ల వార్డెన్లకు, మెనూలు ఖరారు చేసే విద్యాశాఖ, స్త్రీ శిశు సంక్షేమ శాఖల అధికారులకు,

నమస్కారం.

సీలియాక్ జబ్బు ఉన్న పిల్లల తల్లిదండ్రులం రాస్తున్నాం. ఈ పిల్లలు గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ఒక ధాన్యం, ఆవాలు కాదు) గింజలతో చేసిందేదీ తినకూడదు. చపాతీ, పూరీ ఒక్కటే కాదు. మైదా, బొంబాయి రవ్వ, గోధుమ నూక, సేమియా, బ్రెడ్డు, బిస్కెట్టు, నూడుల్స్, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. కొన్నాళ్లు పథ్యం చేసి వదిలేసేది కాదు, జీవితాంతం ఉండేది. దీనికి ఇంతవరకు మందు లేదు. ఆ తిండి పూర్తిగా మానేస్తే పేగు తనంతట తానే బాగుపడుతుంది. పిల్లల్లో చాలామందికి ఏడాది రెండేళ్లలో బాగుపడుతుంది కూడా.

మా కోసం వేరే వంటశాల కట్టమని అడగడం లేదు. మనది అన్నం తినే నేల. అన్నం, పప్పు, కూర, గుడ్డు, పెరుగు, ఇడ్లీ, పెసరట్టు... వీటిలో దేనిలోనూ సహజంగా గ్లూటెన్, అంటే గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండి ఈ పిల్లలకు పడని ప్రోటీను, లేదు. మీరు రోజూ వండే దాంట్లో చాలా భాగం ఈ పిల్లలకు ఇప్పటికే పనికొస్తుంది. దాన్ని పాడు చేస్తున్నవి చిటికెడు ఇంగువ, ఉప్మా గిన్నెలోంచి పప్పులోకి మారిన గరిటె, పూరీలు వేయించిన నూనె, గోధుమ ఆడిన మరలో పట్టించిన రాగి పిండి. ఆ కొద్దిపాటి వాటి గురించే ఈ ఉత్తరం.

ముందు జబ్బు గురించి రెండు మాటలు. చిన్న పేగు లోపలి గోడ మీద ఆంత్రచూషకాలు ఉంటాయని జీవశాస్త్రం పాఠంలో చెబుతారు. తిన్నదాంట్లోని సారాన్ని రక్తంలోకి లాగేవి అవే. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీను ఎవరికీ పూర్తిగా అరగదు. అరగని ముక్కలు చాలామందికి హాని చేయకుండానే బయటికి పోతాయి. సీలియాక్ ఉన్నవారిలో మాత్రం రోగనిరోధక వ్యవస్థ ఆ ముక్కల్ని చూసి రెచ్చిపోయి సొంత పేగు గోడ మీదే దాడి చేస్తుంది. ఆంత్రచూషకాలు అరిగి చదునైపోతాయి. ఇక బిడ్డ ఎంత తిన్నా ఇనుము, కాల్షియం, విటమిన్లు ఒంటికి పట్టవు. కడుపు ఉబ్బి, చేతులు కాళ్లు సన్నబడి, విరేచనాలతో వచ్చే పిల్లలు కొందరు. ఇంకొందరిలో కడుపుకు సంబంధించిన లక్షణమే కనబడదు. ఎత్తు పెరగరు, రక్తం పట్టదు, పళ్ల ఎనామిల్ గుంటలు పడుతుంది, ఆడపిల్లలు సమయానికి పెద్దమనిషి కారు.

ఇది అలర్జీ కాదు. వేరుశనగ పడనివాళ్లకు మాదిరిగా క్షణాల్లో దద్దుర్లు రావడం, గొంతు వాయడం ఉండదు. కాబట్టి "నిన్న పూరీ తిన్నాడు, ఏమీ కాలేదుగా" అనుకోవడం చాలా తేలిక. ఈ జబ్బు విషయంలో ఇంతకంటే ప్రమాదకరమైన మాట లేదు. పైకి ఏమీ కనబడని పిల్లవాడికి కూడా లోపల పేగు దెబ్బతింటూనే ఉంటుంది.

"మన వైపు ఇలాంటి జబ్బు ఎక్కడుందండీ, అది ఉత్తరాది వాళ్లది" అని డాక్టర్లు కూడా అనడం వింటుంటాం. ఆ మాటలో సగం నిజం ఉంది. దేశంలో మూడు ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో, ఈశాన్యంలో 0.87 శాతం మందిలో, దక్షిణాదిలో 0.10 శాతం మందిలో కనిపించాయి. అయితే ఈ జబ్బుకు దారితీసే జన్యువులు మాత్రం మూడు చోట్లా ఇంచుమించు ఒకే స్థాయిలో, దాదాపు మూడో వంతు మందిలో ఉన్నాయి. మరి తేడా ఎక్కడుంది? అదే అధ్యయనంలో ఉత్తరాదివారు రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాదివారు తింటున్నది 25 గ్రాములు. జన్యువులు మనలోనూ ఉన్నాయి, గోధుమే తక్కువ. పొద్దున బ్రెడ్డు, సాయంత్రం బిస్కెట్టు, రాత్రి చపాతీ అలవాటైన ఇళ్లలో ఆ 25 గ్రాముల లెక్క ఇక నిలవదు. ఢిల్లీలోనో అమెరికాలోనో పెరిగే తెలుగు పిల్లల పళ్లెంలో అది ఎప్పుడో మారిపోయింది.

ఇక కొలతలు. గోధుమల కథ అంతా మిల్లీగ్రాముల్లోనే ఉంది. గ్లూటెన్ మానేసిన సీలియాక్ రోగులకు రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు ఇచ్చి చూసిన ప్రయోగం 2007లో వెలువడింది. అంత కొద్దిదానికే పేగు గోడ దెబ్బతింది. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఎక్కువమందికి హాని ఉండదని వైద్యుల అంచనా. ఒక గ్రాము మైదాలో సుమారు 80 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. అంటే 10 మిల్లీగ్రాములకు గ్రాములో ఎనిమిదో వంతు మైదా చాలు. రెండు వేళ్ల మధ్య పట్టే చిటికెడు. ఒక్క గోధుమ గింజ బరువు 40 మిల్లీగ్రాముల లోపే, అందులో గ్లూటెన్ మూడున్నర, నాలుగు మిల్లీగ్రాములు. మూడు గింజలు పిండిలో కలిస్తే బిడ్డ రోజు కోటా అయిపోయినట్టే. కిలో ఆహారంలో 20 మిల్లీగ్రాములు మించకపోతేనే 'గ్లూటెన్ ఫ్రీ' అని రాసుకోవచ్చని మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన. కిలో జొన్నల్లో ఐదారు గోధుమ గింజలు కలిస్తే ఆ హద్దు దాటుతుంది. "కొంచెమే కదా" అన్న మాట మాకెందుకు మింగుడుపడదో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

వంట అమ్మలకు మొదటి విన్నపం ఇంగువ గురించి. బజారులో దొరికే ఇంగువ పొడి, ముద్ద ఇంగువ చాలావరకు అచ్చమైన ఇంగువ కాదు. అసలు ఇంగువ ఘాటుకు నేరుగా వాడలేం కాబట్టి జిగురు, పిండి కలిపి అమ్ముతారు. ఆ పిండి ఎక్కువగా మైదా. డబ్బా వెనక సన్న అక్షరాల్లో 'వీట్ ఫ్లోర్' అనో 'మైదా' అనో ఉంటుంది. వందమందికి కాచే సాంబారులో రెండు చెంచాలు, అంటే 10 గ్రాముల ఇంగువ వేశారనుకుందాం. అందులో 6 గ్రాములు మైదా అయితే గ్లూటెన్ దాదాపు 480 మిల్లీగ్రాములు. ఒక్కో బిడ్డ వంతుకు 5 మిల్లీగ్రాములు. ఒక్క సాంబారుతోనే సగం కోటా పోయింది. పులిహోర, చారు, మజ్జిగ పులుసు, బయట కొన్న సాంబారు పొడి, ఇంగువ పోపు వేసిన మాగాయ, అన్నిటికీ ఇదే లెక్క. పైగా ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే అది 'అన్నం, సాంబారు'. మైదా బదులు బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది; వెనక చదివి అదే తెప్పించండి. దొరక్కపోతే మానేసి, తాలింపులో రెండు వెల్లుల్లి రెబ్బలు ఎక్కువ దంచి వేయండి. బడి మొత్తానికీ అలాగే చేస్తే వేరుగా వండే పనే ఉండదు.

రెండోది గరిటె. ఉప్మా వడ్డించిన గరిటెను నీళ్లలో ఒకసారి ఝాడించి పప్పులో పెట్టడం వడ్డనలో మామూలుగా జరిగేదే. రవ్వ పలుకు గరిటె కాడ మలుపులో అతుక్కునే ఉంటుంది. గ్లూటెన్ నీళ్లలో కరగదు, వేడికి చావదు. మరిగిస్తే పోతుందని చాలామంది అనుకుంటారు. సూక్ష్మజీవులకు వర్తించే సూత్రం ఇక్కడ పనిచేయదు. సబ్బు పెట్టి, పీచుతో రుద్ది, పారే నీళ్లలో కడిగితే స్టీలు సామాను శుభ్రపడుతుంది. చెక్క తెడ్డు, చపాతీ పీట, అప్పడాల కర్ర, జల్లెడ, సందుల్లో పిండి ఇరుక్కునే చిల్లుల గిన్నె మాత్రం ఎంత కడిగినా నమ్మలేం. చేతులకు శానిటైజర్ రాసుకుంటే గ్లూటెన్ పోదు, సబ్బుతో కడుక్కోవాలి.

అందుకని మేం అడిగేది ఇంతే. గోధుమ వంటకం ఉన్న రోజున, ఆ పొట్లం విప్పకముందే అన్నం, కూర దించేయండి. ఈ బిడ్డ వాటాను అందరికంటే ముందు, శుభ్రమైన స్టీలు గరిటెతో తీసి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి. ఆ గరిటె కాడకు ఎర్ర దారం కట్టి మేకుకు విడిగా తగిలిస్తే చాలు, కొత్తగా వచ్చినవాళ్లకు కూడా తెలుస్తుంది. పిండి తడిపే చోట మూత లేని గిన్నెలు ఉంచకండి. మైదా, గోధుమ పిండి గాల్లోకి లేచి నెమ్మదిగా దిగుతుంది. నిల్వ చేసేటప్పుడు రవ్వ బస్తా కింద, బియ్యం, పప్పులు పైన ఉండాలి. తలకిందులుగా పెడితే చిల్లు పడిన రవ్వ సంచి అంతా కిందున్న పప్పులోకే రాలుతుంది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. వేరే గిన్నె, వేరే గరిటె అన్న మాటలకు మన ఊళ్లలో చెడ్డ చరిత్ర ఉంది. దయచేసి ఈ బిడ్డను విడిగా కూర్చోబెట్టకండి. వడ్డన ముందు చేయండి, బంతి మాత్రం అందరితోనే. పక్కన కూర్చున్న పిల్లలకు టీచరుగారు ఒక్కసారి చెబితే సరిపోతుంది: ఇది అంటుకునే రోగం కాదు, కలిసి కూర్చుంటే రాదు, కలిసి ఆడుకుంటే రాదు, వీడి పళ్లెంలో మాత్రం మన పూరీ ముక్క పెట్టకూడదు. పిల్లలు పెద్దలకంటే బాగా గుర్తుపెట్టుకుంటారు.

నూనె సంగతి. పూరీలు, మైసూరు బజ్జీలు, మైదా కలిపిన పునుగులు వేయించిన మూకుడులో రాలిన పొడి అడుగున నల్లగా చేరుతుంది. అదే నూనెలో గారెలు వేస్తే గారెలూ పనికిరావు. వడకట్టినా లాభం లేదు. ముందు గారెలు, అప్పడాలు వేయించి, తర్వాత పూరీలు వేయించుకోండి.

మెనూలో ఏవి నిశ్చింతగా పెట్టొచ్చో, ఏవి మోసం చేస్తాయో కొంచెం వివరంగా చెబుతాం. రేషను బియ్యంలో ఫోర్టిఫైడ్ గింజలు కలిపి ఇచ్చినా, వాటిని బియ్యప్పిండితోనే చేస్తారు, ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలుపుతారు. వాటితో ఇబ్బంది లేదు. గుడ్డు, పెరుగు, పప్పులు, కూరగాయలు, అరటిపండు, పల్లీలు బెల్లంతో చేసిన చిక్కీ మంచివే, చిక్కీ ప్యాకెట్టు మీద గోధుమ ఆనవాలు ఉందేమో మాత్రం చూడాలి. విడిగా కొన్న కందిపప్పులో, శనగపప్పులో గోధుమ గింజలు కనబడుతుంటాయి. చేటలో పోసి ఏరి, రెండుసార్లు కడిగితే చాలు. ఇడ్లీ రవ్వ బియ్యంతో చేసేది, బొంబాయి రవ్వ గోధుమతో చేసేది. రెండూ తెల్లగా, పక్కపక్కనే ఉంటాయి. ఇడ్లీ పిండి చాలకపోతే గుప్పెడు బొంబాయి రవ్వ కలిపే అలవాటు కొన్ని చోట్ల ఉంది. దోసె పిండిలో కరకరలాడడానికి మైదా కలపడమూ అంతే. కుర్మా చిక్కబడడానికి మైదా, చికెన్ పకోడీలో మైదా, మంచూరియాలో మైదాతో పాటు సోయా సాస్... ఆ సాస్ కూడా సాధారణంగా గోధుమతో పులియబెట్టిందే. కార్న్ ఫ్లేక్స్ మొక్కజొన్నవే అయినా రుచికి బార్లీ మాల్ట్ కలుపుతారు. పాలలో కలిపే మాల్ట్ పొడులు బార్లీ, గోధుమలతో చేసినవి. ఓట్స్ గోధుమ పండే పొలాల్లో, ఆడే మిల్లుల్లో కలుస్తాయి, పైగా కొద్దిమందికి ఓట్స్ కూడా పడవు. డాక్టరు చెప్పనిదే వద్దు.

ఉప్మా రోజున ఏం చేయాలంటే, మన దగ్గర ఉప్పుడు పిండి ఉండనే ఉంది. బియ్యపు రవ్వ ఉప్మా వండితే బడి మొత్తం తినొచ్చు. బొంబాయి రవ్వకు గ్లాసుకు మూడు గ్లాసుల నీళ్లు పోసే అలవాటుతో దీనికీ పోస్తే జావైపోతుంది, పిల్లలు వదిలేస్తారు, మర్నాటి నుంచి మళ్లీ పాత ఉప్మాయే. గ్లాసు బియ్యపు రవ్వకు రెండు గ్లాసుల నీళ్లు చాలు. పోపులో గుప్పెడు నానిన పెసరపప్పు వేసి, నీళ్లు తెర్లాక రవ్వ పోసి, కలిపి, మూత పెట్టి సన్న సెగ మీద పది పదిహేను నిమిషాలు మగ్గనివ్వాలి. మధ్యలో గరిటెతో కెలికితే ముద్ద కడుతుంది.

రాగి జావ విషయం వేరు. రాగులు, జొన్నలు, సజ్జలు, కొర్రలు ఈ పిల్లలకు వరం లాంటివి. రాగుల్లో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంది, పేగు దెబ్బతిని ఎముకలు నీరసించిన బిడ్డకు అంతకంటే ఏం కావాలి? చిక్కంతా పిండిమరలో ఉంది. గిర్నీలో మనకంటే ముందు ఎవరో గోధుమలు పట్టించి ఉంటారు. రాళ్ల మధ్య, గొట్టంలో, కింద కట్టిన గుడ్డ సంచిలో ఆ పిండి నిలిచి ఉంటుంది. ముందు కిలో బియ్యం పోసి ఆడించి పారేస్తే తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, ఆ గుడ్డ సంచిని ఎవరూ ఉతకరు కదా. నమ్మకమైన దారి గింజలు కొని ఇంట్లోనే ఆడుకోవడం.

గింజలు శుభ్రం చేయడంలో కిటుకు ఒకటి చెబుతాం. రాగి గింజ ఆవగింజంత, గోధుమ గింజ దానికి ఎన్నో రెట్లు పెద్దది. రాగులు మాత్రమే దిగే సన్న కళ్ల జల్లెడలో జల్లిస్తే గోధుమలు పైనే నిలుస్తాయి. కొర్రలు, సామలకూ ఇదే పద్ధతి. జొన్నలకు ఇది కుదరదు, గింజ పరిమాణం గోధుమకు దగ్గరగా ఉంటుంది కాబట్టి చేత్తో ఏరాల్సిందే. పెద్ద పళ్లెంలో ఒకే వరసగా, గింజ మీద గింజ పడకుండా పరచండి. జొన్న గుండ్రంగా ఉంటుంది. గోధుమ కోలగా ఉండి, పొట్ట మీద నిలువునా గాడి కనిపిస్తుంది. ఏరాక రెండు మూడు నీళ్లు కడిగి, ఎండబెట్టి, మిక్సీలోనో చిన్న ఇంటి మరలోనో ఆడాలి. ఆ మిక్సీ జారులో గోధుమ ఎప్పుడూ వేయకూడదు. బడికి సరఫరా అయ్యే రాగి పిండి ఏ మిల్లులో ఆడిందో తెలియనంతవరకు జావ ఈ బిడ్డకు ఇవ్వకండి. మేం ఇంటి నుంచి పిండి పంపుతాం, విడి గిన్నెలో కాచి ఇవ్వండి.

అంగన్‌వాడీ టీచర్లకు ప్రత్యేకంగా ఒక మాట. తెలంగాణలో ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు ఇచ్చే బాలామృతంలో ప్రధానమైన దినుసు వేయించిన గోధుమే. శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె దానికి తోడు. మామూలు పిల్లలకు అది మంచి ఆహారం, మానమని ఎవరికీ చెప్పం. అయితే సీలియాక్ తొలిసారి బయటపడేది కూడా తరచూ ఈ వయసులోనే, గోధుమ మొదలుపెట్టిన కొన్ని నెలలకు. అన్నప్రాశన దాకా బాగా పెరిగిన బిడ్డ, బాలామృతం, బిస్కెట్లు అలవాటయ్యాక బరువు తగ్గుతూ, పొట్ట ఉబ్బుతూ, చిరాకుగా, విరేచనాలతో వస్తుంటే, బరువు పడిపోయిందని ఇంకో చెంచా ఎక్కువ పెట్టమని సలహా ఇచ్చే ముందు డాక్టరుకు చూపించండి. నెల నెలా మీరు గీసే ఎదుగుదల గీత ఎప్పుడు వంగిందో, గోధుమ ఎప్పుడు మొదలైందో పక్కపక్కన రాసిస్తే డాక్టరుకు ఎంతో ఉపయోగం.

బడిలోనూ ఇలాగే చూడాల్సిన పిల్లలు ఉంటారు. అయిదు నుంచి పదేళ్ల వాళ్లకు గులాబీ రంగు, ఆపై వాళ్లకు నీలం రంగు ఐరన్ మాత్రలు ఇస్తున్నారు కదా. మాత్రలు సరిగ్గా మింగుతూ, నులిపురుగుల మందు వేసుకుంటూ, నెలలు గడిచినా హిమోగ్లోబిన్ కదలని పిల్లవాడు, తరగతిలో అందరికంటే పొట్టిగా మిగిలిపోయిన అమ్మాయి, టైప్ 1 మధుమేహం ఉన్న బిడ్డ, డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ, ఇప్పటికే సీలియాక్ అని తేలిన పిల్లల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లిదండ్రులు: వీళ్లంతా పరీక్ష చేయించుకోవాలి. తోబుట్టువులు, తల్లిదండ్రుల్లో పదిమందిలో ఒకరికి దాకా ఉండే అవకాశం ఉంది. చేసేది టీటీజీ ఐజీఏ అనే రక్త పరీక్ష, దాంతోపాటు మొత్తం ఐజీఏ. ఐజీఏ అంటే రక్తంలోని ఒక రకం యాంటీబాడీ. కొందరికి అది పుట్టుకతోనే తక్కువ ఉంటుంది, వాళ్లకు మొదటి పరీక్ష ఒక్కటే చేస్తే జబ్బు ఉన్నా లేదని రావచ్చు. ఆ తర్వాత ఎండోస్కోపీ అవసరమో కాదో డాక్టరు చెబుతారు.

పరీక్షకు ముందు గోధుమ మానేయకూడదు. ఇది ఎంత చెప్పినా తక్కువే. ఎవరో చెప్పారని నెల రోజులు మాన్పించి, బిడ్డ తేరుకున్నాక పరీక్షకు తీసుకెళితే యాంటీబాడీలు తగ్గిపోయి ఫలితం తప్పుగా రావచ్చు. నిర్ధారణ కోసం మళ్లీ వారాల తరబడి గోధుమ పెట్టాల్సి వస్తుంది, బిడ్డ మళ్లీ బాధపడాలి. మన పిల్లలు అసలే గోధుమ తక్కువ తింటారు కాబట్టి, రోజుకు ఎంత తింటున్నారో కూడా డాక్టరుకు చెప్పాలి.

ఇంత జాగ్రత్త పడ్డా ఒక్కోసారి బిడ్డ తినకూడనిది తినేస్తుంది. అప్పుడు కంగారు పడకండి. దీనికి విరుగుడు మందు, సూది లేవు. వాంతి చేయించకండి. కొన్ని గంటల తర్వాత కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు రావచ్చు. ఓఆర్ఎస్ తాగించండి, మరుగుదొడ్డికి వెళతానంటే ఆపకండి, మాకు ఫోన్ చేయండి. విరేచనాలు ఆగకపోయినా, బిడ్డ వడలిపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏం తిన్నాడో, ఎంత తిన్నాడో దాచకుండా చెప్పండి. తిట్టం, గొడవ పెట్టుకోం. మాకు కావలసింది ఆ వివరమే.

తిండి ఒక్క వంటగది నుంచే రాదు. పుట్టినరోజు కేకు, వేఫర్ ఉన్న చాక్లెట్, బాలల దినోత్సవం సమోసా ఉండనే ఉంటాయి. అలాంటి రోజు ముందుగా తెలిస్తే మేం పల్లీ ఉండలో, సున్నుండలో, పూతరేకులో పంపుతాం. తరగతి బీరువాలో ఒక డబ్బా ఎప్పుడూ ఉంచినా సరే. ప్రసాదం దగ్గర పెద్దవాళ్లకే మనసొప్పదు. సత్యనారాయణ వ్రతం ప్రసాదం, అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేసేవి. రంజాన్‌లో హలీంలో గోధుమ ఉంటుంది. చర్చిలో ఇచ్చే రొట్టె గోధుమదే. కళ్లకద్దుకుని పక్కవాళ్లకు ఇస్తే దేవుడికి కోపం రాదని టీచరుగారు చెబితే బిడ్డకు కొండంత బలం. చిన్న తరగతుల్లో ఆటలకిచ్చే రంగు పిండి ముద్దలు, ఛార్టులు అంటించే మైదా జిగురు కూడా గుర్తుంచుకోండి. ముట్టుకుంటే ఏమీ కాదు, ఆ వేళ్లు నోట్లోకి వెళతాయి.

హాస్టళ్లలో కష్టం రెండింతలు, ఎందుకంటే మూడు పూటలూ అక్కడే. పొద్దున ఉప్మా, రాత్రి చపాతీ ఉన్న రోజున ఈ బిడ్డ మధ్యాహ్నం ఒక్క పూటే కడుపునిండా తింటుంది. మిగతా రెండు పూటలా అరటిపండు చేతిలో పెట్టి పంపితే చదువు ఎలా సాగుతుంది? చపాతీ పూట ఆ బిడ్డకు అన్నం, పప్పు, గుడ్డు ఉండాలి. ఉప్మా పూట ఇడ్లీ, అటుకులు, ఉప్పుడు పిండిలో ఏదో ఒకటి. 'గ్లూటెన్ ఫ్రీ' అని అమ్మే ఖరీదైన బిస్కెట్లు కొనిపెట్టమని మేం అడగం. వాటిలో చక్కెర, కొవ్వు ఎక్కువ, పీచు తక్కువ, రోజూ తినదగ్గవి కావు.

అధికారులను అడుగుతున్నవి ఇవి. మెనూ ఉత్తర్వులో ఒక్క వాక్యం చేర్చండి: డాక్టరు ధ్రువపత్రం ఉన్న సీలియాక్ బిడ్డకు గోధుమ వంటకం ఉన్న రోజున, అదే విలువకు బియ్యంతో చేసిన వంటకం ఇవ్వాలి. ప్రాథమిక తరగతుల్లో పిల్లవాడికి రోజుకు 100 గ్రాములు, ఆపై తరగతుల్లో 150 గ్రాముల ధాన్యం ఎలాగూ లెక్కలో ఉంది, అదనపు ఖర్చేమీ కాదు. ఆ వాక్యం లేకపోవడంతో, మంచి మనసున్న ప్రధానోపాధ్యాయులు కూడా ఆడిట్‌లో ఏమంటారోనని వెనకాడుతున్నారు. బాలామృతం పడని బిడ్డకు దాని బదులు బియ్యం, పప్పు, పాలపొడి, నూనె ఇచ్చే వీలు కల్పించండి. బడులకు, హాస్టళ్లకు సరఫరా చేసే ఇంగువ బియ్యప్పిండితో చేసినదే ఉండాలని, రాగి పిండి గోధుమ ఆడని మరలోదే కావాలని కొనుగోలు షరతుల్లో రాయండి. ప్యాకెట్ల మీద గోధుమ ఉన్నట్టు ప్రకటించడం ఇప్పటికే తప్పనిసరి. అయితే ఆ వివరం ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు. వంట అమ్మలకు ఉపయోగపడాలంటే మీరు సరఫరా చేసే సరుకుల మీదైనా 'గోధుమ ఉంది' అని తెలుగులో పెద్ద అక్షరాలతో ముద్రించండి. వంట సిబ్బందికి ఇచ్చే శిక్షణలో దీనికి ఒక్క గంట కేటాయించండి.

వచ్చే విద్యా సంవత్సరానికి బడి తెరిచే ముందే ప్రతి ప్రధానోపాధ్యాయుడు, వార్డెను తల్లిదండ్రుల్ని ఈ ఒక్క ప్రశ్న అడిగి రిజిస్టర్లో రాసుకోవాలని కోరుతున్నాం: మీ బిడ్డ తినకూడనిది ఏమైనా ఉందా? ఉందంటే, డాక్టరు కాగితం నకలు, మా ఫోన్ నంబరు, ఎర్ర దారం కట్టిన స్టీలు గరిటె, మూత డబ్బా, మైదా లేని ఇంగువ డబ్బా మేమే తెచ్చిస్తాం. మొదటి రోజు వంటగదిలో మీతోపాటు నిలబడి, ఏది ఎప్పుడు తీయాలో చూపిస్తాం.

ఇట్లు,
సీలియాక్ పిల్లల తల్లిదండ్రులు